కొందరికి అందని ఆపరేషన్, కొందరికి అక్కర్లేని ఆపరేషన్

తెలంగాణలో పుట్టే ప్రతి పదిమంది పిల్లల్లో ఆరుగురు సిజేరియన్‌తోనే పుడుతున్నారు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతమే. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల వరకే లెక్కేస్తే 81.5 శాతం, అంటే ఐదు కాన్పుల్లో నాలుగు. ఇదే రాష్ట్రంలో, ములుగు జిల్లాలో గోదావరికి అవతలున్న వాజేడు, వెంకటాపురం మండలాల గూడేల్లో కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే పరిస్థితి వేరు. ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఒకేచోట దొరికే ఆసుపత్రికి, అది ములుగైనా భద్రాచలమైనా వరంగలైనా, చేరేసరికే గంటలు గడిచిపోతాయి. వానాకాలంలో వాగు పొంగితే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు.

ఈ రెండింటినీ వేర్వేరు సమస్యలుగా చూడటం అలవాటైపోయింది. సిజేరియన్లు పెరిగాయన్నది ఒక రోజు వార్త. గర్భిణిని మంచం మీద మోసుకొచ్చారన్నది మరో రోజు వార్త. కానీ రెండింటి వేరూ ఒకచోటే ఉంది. ఏ ఆపరేషన్ ఎప్పుడు జరగాలో, అసలు జరగాలో వద్దో తేలే చోట రోగి మాటకు విలువ లేదు. డబ్బో, ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం కట్టే ప్యాకేజీయో వెంట ఉన్నవాళ్లకు అవసరానికి మించి ఆపరేషన్లు జరుగుతున్నాయి. అవి లేనివాళ్లకు అవసరమైనదీ జరగడం లేదు. సర్జరీలో సమానత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆపరేషన్ల సంఖ్య పెంచడం మీదే దృష్టి పెడితే సగం సమస్య కనిపించకుండా పోతుంది.

అవసరానికి మించి

సిజేరియన్ ప్రాణాలు కాపాడే ఆపరేషన్. దాని మీద కోపం అక్కర్లేదు. అయితే ఒక సమాజంలో సిజేరియన్లు పది శాతం దాటాక, అవి ఇంకా పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అరవై శాతం దాటిన చోట ఎక్కువ భాగం తల్లి కోసమో బిడ్డ కోసమో జరిగినవి కావన్నమాట. ప్రైవేటు ఆసుపత్రుల ఆశ ఒక్కటే కారణమంటే లెక్క కుదరదు, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అది 44.5 శాతం. ముహూర్తం చూసుకుని వచ్చే కుటుంబాలున్నాయి. నొప్పులు తట్టుకోలేనని భయపడే అమ్మాయిలున్నారు. మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ అంతే అని ఖాయం చేసుకునే డాక్టర్లున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పులు పడుతున్న మనిషి పక్కన పది పన్నెండు గంటలు ఓపిగ్గా కూర్చుని ధైర్యం చెప్పే మనిషి లేదు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఇరవై మంది గర్భిణులను చూడాల్సి వచ్చిన వార్డులో ఆపరేషనే తొందరగా తేలే పని.

దీనికి విరుగుడు మొదలైంది కూడా ఉత్తర తెలంగాణలోనే. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రి కేంద్రంగా నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించారు. మామూలు కాన్పును మామూలుగా జరగనివ్వడం, ఏది చేయి దాటుతోందో గుర్తించి సమయానికి డాక్టరును పిలవడం వాళ్ల పని. సర్జరీలో న్యాయం గురించిన చర్చలో మిడ్‌వైఫ్ పేరు రావడం కొందరికి వింతగా అనిపించవచ్చు. ఆపరేషన్ ఎప్పుడు అక్కర్లేదో తెలిసిన మనిషి ఉండటం కూడా సర్జరీ వ్యవస్థలో భాగమే.

గర్భసంచి ఆపరేషన్ల కథ ఇంకా బాధాకరం. 2015-16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. యాభై దాటాక, క్యాన్సరో పెద్ద గడ్డలో వచ్చినప్పుడు తీయడం వేరు. ఇక్కడ లెక్కకొచ్చినవాళ్లు యాభై లోపువాళ్లు. పద్దెనిమిదికి అటూ ఇటూగా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పై దాటగానే తెల్లబట్ట, నడుం నొప్పి, ఎక్కువ రక్తస్రావం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే పట్నంలో స్కానింగ్ తీయించమంటాడు. స్కానింగ్‌లో ఏదో కనబడుతుంది. పిల్లలు పుట్టడం అయిపోయింది, ఇక ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. పత్తి ఏరడానికి, నాట్లకు, బీడీలు చుట్టడానికి వెళ్లే మనిషికి నెలనెలా నాలుగు రోజుల కూలి పోవడం కూడా ఆ నిర్ణయంలో తూకానికి వస్తుంది.

మందులతోనో చిన్న చికిత్సతోనో తగ్గే జబ్బుకు అవయవాన్నే తీసేస్తున్నారు. వెంట అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన శరీరం అవుతుంది. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం ముప్పై అయిదేళ్లకే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా ముట్లు తొందరగా ఆగిపోయే అవకాశం ఉంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు చెప్పారా అని అడిగితే, చెప్పలేదనే ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమల్లోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. నలభై ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఈ ఆపరేషన్ ఎందుకు చేశారో ప్రతి కేసూ కమిటీ ముందు తేలాలన్నది అందులో కీలకం.

కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ల సంగతి చూస్తే, ఎవరి శరీరం మీద కత్తి పెట్టడం తేలికో ఇంకా తేటగా కనిపిస్తుంది. ఐదో సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ (ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్) చేయించుకున్నారు. భర్తకు వేసెక్టమీ (మగవాళ్ల కు.ని. ఆపరేషన్) అయిన జంటలు 0.3 శాతం. మగవాళ్ల ఆపరేషన్‌కు కడుపు తెరవక్కర్లేదు, పూర్తి మత్తు అక్కర్లేదు, కుట్లు కూడా పడవు, పావుగంటలో అయిపోతుంది. అయినా భారం ఆడవాళ్ల మీదే. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు కు.ని. క్యాంపులను మూడేళ్లలో పూర్తిగా ఆపాలని చెప్పింది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. వాళ్లలో నలుగురు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. ఆ నలుగురిదీ పిల్లలు ఇంకా చిన్నవాళ్లుగా ఉన్న వయసే.

అందని చోట

2015లో లాన్సెట్ గ్లోబల్ సర్జరీ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగల ధరలో ఆపరేషన్ అందుబాటులో లేదని తేల్చింది. ఒక ఆసుపత్రి సత్తా తెలుసుకోవడానికి మూడు ఆపరేషన్లను గుర్తుగా పెట్టుకుంది: సిజేరియన్, అత్యవసరంగా పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, విరిగి బయటికొచ్చిన ఎముకకు చికిత్స. ఈ మూడూ చేయగలిగితే ఆ ఆసుపత్రి మిగతావి కూడా చాలావరకు చేయగలదని లెక్క. ప్రతి మనిషికీ అలాంటి ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉండాలన్నది కమిషన్ పెట్టిన లక్ష్యం.

ఆ కొలతతో ఉత్తర తెలంగాణను చూస్తే పటం మీద ఫర్వాలేదనిపిస్తుంది. వరంగల్‌లో ఎంజీఎం పెద్దాసుపత్రి ఉంది, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి ఉంది. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో భూపాలపల్లి, ఆసిఫాబాద్, జనగామ, నిర్మల్, సిరిసిల్ల, 2024లో ములుగు, నర్సంపేట, ఇలా ఏటా కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైనప్పటి పరిస్థితితో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు. అయినా ఎంజీఎంలో మంచాలు నిండే ఉంటాయి. అటు ఆదిలాబాద్ నుంచి ఇటు ఖమ్మం దాకా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి కూడా కేసులు అక్కడికే వస్తున్నాయి.

ఎందుకంటే ఆపరేషన్‌కు సర్జన్ ఒక్కడు చాలడు. రాత్రి పదకొండు గంటలకు సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ నర్సు, రక్తం, ల్యాబ్, కరెంటు అన్నీ ఒకేసారి ఒకేచోట ఉండాలి. అందులో ఒక్కటి తప్పినా, సాధారణంగా తప్పేది మత్తు డాక్టరే, కేసు పై ఆసుపత్రికి రిఫర్ అవుతుంది. 108 వస్తుంది, ఇంకో వంద కిలోమీటర్లు. పేరుకు ఆసుపత్రి దగ్గరే ఉన్నా, ఆ రాత్రికి ఆపరేషన్ మాత్రం దూరమే. కాలేజీ భవనం కట్టడం కన్నా ఏటూరునాగారం, ఉట్నూరు లాంటి చోట్ల ఇద్దరు మత్తు డాక్టర్లను వారంలో ఏడు రోజులూ ఉంచగలగడం కష్టమైన పని. దానికి తగిన జీతం, ఇల్లు, పిల్లల చదువు ఏర్పాటు చేయకుండా బదిలీ ఉత్తర్వులు ఇస్తే సెలవు చీటీలే తిరిగొస్తాయి. ఎంబీబీఎస్ డాక్టర్లకు అత్యవసర మత్తులో శిక్షణ ఇచ్చే జాతీయ కార్యక్రమం చాలా ఏళ్లుగా ఉంది. ఏజెన్సీలో దానికి ఇవ్వాల్సినంత ప్రాధాన్యం దక్కలేదు.

ప్రాణం మీదికి వచ్చేవే కాక, బతుకును నెమ్మదిగా తినేసే జబ్బులు ఇంకో రకం. హమాలీ పని చేసే మనిషికి గజ్జల్లో హెర్నియా. బోదకాలు ఉన్న ఊళ్లలో మగవాళ్లకు వరిబీజం. మామూలు ఆపరేషన్లతో తగ్గిపోయే ఈ రెండింటినీ లుంగీ చాటున పదేళ్లు దాచుకుని తిరిగే వాళ్లున్నారు. సిగ్గు ఒక కారణం. కూలి పోతుందన్న లెక్క ఇంకో కారణం. హెర్నియా ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువు ఎత్తొద్దంటారు. బరువు ఎత్తితేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఆ మాట వినడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ప్రాంతంలో ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఆ సంగతి ఒప్పుకోకుండా విమర్శ మొదలుపెట్టడం అన్యాయం. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. అయితే ఆ పథకం డబ్బు ఆపరేషన్‌కు ఇస్తుంది. అటెండెంట్ తిండికి, పోయిన కూలికి, ఇంటి దగ్గర పిల్లలను చూసే మనిషికి ఇవ్వదు. ఇంకో చిక్కు లోతైనది. కోత పెడితే ప్యాకేజీ ఉంటుంది, కోత లేకుండా నయం చేస్తే చాలాసార్లు ఏమీ ఉండదు. మూడు నెలలు మందులిచ్చి రక్తస్రావం తగ్గించిన డాక్టరుకు రాని డబ్బు గర్భసంచి తీసిన ఆసుపత్రికి వస్తుంది. కాలు విరిగిన మనిషికి రాడ్ వేసినందుకు బిల్లు ఉంటుంది, ఆ మనిషిని మళ్లీ నడిపించే ఫిజియోథెరపీ మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అన్న ఈ తేడాను చాలావరకు నడిపిస్తున్నది ఈ చెల్లింపు పద్ధతే.

కార్డు అసలే లేనివాళ్ల గతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లో హింస నుంచి పారిపోయి ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకు తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు, చాలామందికి రేషన్ కార్డూ లేదు. పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలకు ఇక్కడి కార్డు ఉండదు. వాళ్ల రాష్ట్రం 2025 దాకా ఆయుష్మాన్ భారత్‌లో చేరనే లేదు. బట్టీలో కాలు నలిగిన మనిషికి దగ్గరి ప్రైవేటు ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న కార్డు గురించే.

ఏ భాషలో ఒప్పుకున్నట్టు?

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. రక్తస్రావంతో వచ్చిన ఆమె జబ్బేమిటో చూడటానికి లాప్రోస్కోపీకి, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరాతో లోపల చూసే పద్ధతికి, ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లితో సరేననిపించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, పెద్దమనిషైన రోగి బదులు ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని కోర్టు చెప్పింది. జబ్బేమిటి, ఏం చేయబోతున్నారు, ప్రమాదాలేమిటి, వేరే దారులేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాకే ఒప్పుకోలు అవుతుంది.

అర్థమయ్యేలా అంటే ఏ భాషలో? ఉత్తర తెలంగాణలో గోండీ, కోయ, కొలామీ, లంబాడీ మాట్లాడే ఇళ్లున్నాయి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పాత బస్తీల్లో ఉర్దూ ఉంది. సరిహద్దు మండలాల్లో మరాఠీ ఉంది. ఆసుపత్రి కాగితం మాత్రం ఇంగ్లిష్‌లోనో, చదివినవాళ్లకే కొరుకుడుపడే తెలుగులోనో ఉంటుంది. ఉట్నూరు దాటి వచ్చిన కొలాం వృద్ధురాలికి డాక్టరు మాట మనవడు చెబుతాడు. ఆ మనవడికి పదమూడేళ్లుంటాయి. గర్భసంచి జారిన సంగతి అతను ఆమెకు ఏ మాటల్లో చెప్పగలడు? ఆమె అతని ముందు ఏం అడగగలదు? తల ఊపి వేలిముద్ర వేస్తుంది. ఫైల్లో ఒప్పుకోలు ఉన్నట్టే, ఆమెకు మాత్రం ఏమీ తెలియనట్టే.

పెద్ద ఖర్చు అక్కర్లేకుండా మార్చగల విషయం ఇది. ఆ భాషలు పుట్టుకతో వచ్చిన ఏఎన్‌ఎంలు, ఆశాలు, నర్సులు ఈ జిల్లాల్లో వందల్లో ఉన్నారు. ఏజెన్సీ రోగులు ఎక్కువగా వచ్చే సర్జరీ, గైనిక్ వార్డుల్లో వాళ్లను తోడుగా పెట్టి, ఆ పనికి జీతం ఇచ్చి, పేరు ఇవ్వాలి. ఇప్పుడు ఆ పని ఎవరో ఒక స్వీపరమ్మ, పక్క మంచం బంధువు పుణ్యానికి చేస్తున్నారు. గోండీలో, లంబాడీలో రికార్డు చేసిన రెండు నిమిషాల మాట ఫోన్‌లో వినిపించినా కాగితం కన్నా మేలు.

భర్త సంతకం అలవాటు గురించి కూడా చెప్పుకోవాలి. కు.ని. ఆపరేషన్‌కు భర్త ఒప్పుకోలు అవసరం లేదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అబార్షన్‌కు పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి ఒప్పుకోలు ఒక్కటే చాలని చట్టం ఉంది. అయినా చాలా ఆసుపత్రుల్లో ఆయన వస్తేగానీ ఫైలు కదలదు. దుబాయ్ వలసలు ఎక్కువున్న జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో భర్త సంతకం అంటే ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆగడమే.

శరీరాలు కూడా ఒక్కలా ఉండవు. అందరికీ ఒకే పద్ధతి అన్నది కొందరికి ప్రమాదం. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బే దీనికి గట్టి ఉదాహరణ. ఈ జబ్బున్న మనిషికి ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, ఆక్సిజన్ తగ్గినా ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డం పడతాయి. ఆపరేషన్ థియేటర్‌లో ఈ మూడూ జరగడానికి ఆస్కారం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రి పది నుంచి తిండీ నీళ్లూ ఆపేసి, లిస్టు ఆలస్యమై మర్నాడు మధ్యాహ్నం రెండింటికి లోపలికి తీసుకెళ్లడం మామూలే. మామూలు మనిషికి అది ఆకలి. సికిల్ సెల్ మనిషికి ప్రాణగండం. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగొచ్చని మత్తు వైద్యుల మార్గదర్శకాలే అంటున్నాయి. ఈ రోగులను లిస్టులో మొదటి పేరుగా పెట్టడం, సెలైన్ ఎక్కించడం, వెచ్చగా ఉంచడం ఏమంత పెద్ద పనులు కావు. ముందు జబ్బు ఉందని తెలియాలి. సికిల్ సెల్ కడుపునొప్పి ఒక్కోసారి అపెండిసైటిస్‌లా కనిపిస్తుంది, పరీక్ష చేయకుండా కోస్తే అనవసరపు ఆపరేషన్‌తో పాటు కొత్త ప్రమాదం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఏజెన్సీలో స్క్రీనింగ్ జరుగుతోంది. ఆ కార్డు ఫలితం సర్జన్ టేబుల్ దాకా రావాలి.

పరికరాలకు కూడా అందరూ ఒక్కటి కాదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ నల్లని చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆక్సిజన్ తగ్గినా మీటర్ పసిగట్టని సందర్భాలు తెల్లవాళ్లలో కన్నా నల్లజాతివాళ్లలో దాదాపు మూడు రెట్లు కనిపించాయి. చామనఛాయ నుంచి నలుపు దాకా రంగులున్న మన రోగులకు ఇది పట్టించుకోవాల్సిన సంగతి. మీటర్ 93 చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతుంటే నాలుక, కనురెప్పల లోపలి రంగు చూడాలి, వీలైతే రక్తం తీసి ఆక్సిజన్ పరీక్ష చేయాలి.

థియేటర్‌లో ఎవరున్నారు?

ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాద్ మనిషి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చేరి, ఎడ్వర్డ్ లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ఆ వారసత్వం ఉన్న చోట, నేడు ఎంబీబీఎస్ క్లాసుల్లో దాదాపు సగం అమ్మాయిలే ఉన్నా, జనరల్ సర్జరీ, ఆర్థోపెడిక్స్ యూనిట్లలో ఆడ డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నారు. గైనిక్ తీసుకో అమ్మా, సర్జరీ ఎందుకు, పెళ్లయ్యాక నైట్ డ్యూటీలు ఎలా చేస్తావు అన్న సలహా ఇంట్లోనూ కాలేజీలోనూ వినిపిస్తుంది. చాలా థియేటర్లలో డాక్టర్లు బట్టలు మార్చుకునే గది మగవాళ్లదే, ఆడ సర్జన్ నర్సుల గదికి వెళ్లాలి. రాత్రి డ్యూటీలో గడియ ఉన్న గది, బాత్రూం లేకపోవడం ఎంత ప్రమాదమో 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టరుపై జరిగిన హత్యాచారం దేశమంతటికీ చూపించింది.

ఇది డాక్టర్ల ఉద్యోగ సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. రొమ్ములో గడ్డ, మొలలు, ఫిస్టులా వచ్చిన ఆడవాళ్లు ఊళ్లలో అడిగే మొదటి మాట, అక్కడ డాక్టరమ్మ ఉందా అని. లేదంటే ఇంకో ఆరు నెలలు దాచుకుంటారు. రొమ్ము క్యాన్సర్‌లో ఆ ఆరు నెలలే తేడా. కెనడాలోని ఒంటారియోలో 13 లక్షలకు పైగా ఆపరేషన్ రోగుల రికార్డులు చూసిన అధ్యయనంలో, మగ సర్జన్లు ఆపరేషన్ చేసిన ఆడ రోగులకు చిక్కులు ఎదురయ్యే అవకాశం ఆడ సర్జన్లు చేసినప్పటి కన్నా 15 శాతం ఎక్కువగా తేలింది. అక్కడి లెక్కను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. నొప్పి ఉందన్న ఆడమనిషి మాటను ఎవరు ఎంత పట్టించుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే.

కులం సంగతి దాటేసి ఈ చర్చ ముగించలేం. సర్జరీ పుస్తకం చదివితే వచ్చేది కాదు, సీనియర్ పక్కన నిలబెట్టుకుని చేతికి కత్తి ఇస్తేనే వస్తుంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరిని మూడేళ్లూ రిట్రాక్టర్ (కోసిన చోటును తెరిచి ఉంచే పరికరం) పట్టుకునే పనికే పరిమితం చేయాలో రాసిపెట్టిన రూలేమీ లేదు. ఆ ఖాళీలోకి కులం, ఊరు, ఇంగ్లిష్, ఆడామగా అన్నీ వచ్చి కూర్చుంటాయి. రిజర్వేషన్ సీటు వరకే తీసుకెళ్తుంది, టేబుల్ దగ్గరికి తీసుకెళ్లాల్సింది డిపార్ట్‌మెంట్. 2019లో ముంబైలో గైనిక్ పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టరు ప్రాణం తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్థీషియా పీజీ మొదటి ఏడాది చదువుతున్న లంబాడా అమ్మాయి మరణించింది. ఆ కేసులో సీనియర్ వేధింపుల ఆరోపణ మీద ర్యాగింగ్ చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టారు. తండాల నుంచి వచ్చి మత్తు డాక్టరు కాబోతున్న అమ్మాయి అంటే ఈ ప్రాంతానికి ఎంత అవసరమైన మనిషో, ఏటూరునాగారంలో రాత్రి పదకొండింటికి ఆగిపోయే ఆపరేషన్లను తలచుకుంటే అర్థమవుతుంది.

పీజీలకు లాగ్‌బుక్ తప్పనిసరి. ఎవరు ఎన్ని ఆపరేషన్లు స్వయంగా చేశారో, ఎన్నింటికి పక్కన నిలబడ్డారో అందులో ఉంటుంది. పేర్లు తీసేసి, కేటగిరీ వారీగా, ఆడామగా వారీగా ఆ లెక్కను కాలేజీ ఏటా బయటపెడితే చాలా అనుమానాలు తీరుతాయి, లేదా రుజువవుతాయి. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2021లో చేరిన బ్యాచ్ నుంచి ఉంది. ఆ మూడు నెలలు జిల్లా కేంద్రంలో గడిచిపోకుండా, సీనియర్ తోడుతో ఏజెన్సీ ఆసుపత్రులకు వెళ్తే రెండు వైపులా లాభం.

వైకల్యం ఉన్న విద్యార్థుల విషయంలో దారి కొంత తెరుచుకుంది. రెండు చేతులూ పూర్తిగా బాగుంటేనే ఎంబీబీఎస్ అన్న పాత షరతును సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో తప్పుబట్టింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. వారిలో ఒకరు చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. రోగుల వైపు చూస్తే మాత్రం, అపెండిక్స్ నొప్పితో వచ్చిన ట్రాన్స్ మహిళను మగ వార్డులో వేయాలా, ఆడ వార్డులో వేయాలా అన్న వాదనలోనే విలువైన సమయం పోతోంది. 2019 చట్టం ప్రకారం లింగమార్పిడి ఆపరేషన్లకు ప్రభుత్వమే ఏర్పాట్లు చేయాలి. ఆ ఏర్పాటు వరంగల్ లాంటి చోట లేనంత కాలం, చదువులేని చేతుల్లో ప్రాణాల మీదికి తెచ్చుకునే నిర్వాణాలు (హిజ్రాల్లో పురుషాంగం తీయించుకునే సంప్రదాయం) ఆగవు.

రిజిస్టర్‌లో లేని గడులు

ప్రతి థియేటర్‌లో ఆపరేషన్ రిజిస్టర్ ఉంటుంది. పేరు, వయసు, జబ్బు, ఆపరేషన్, సర్జన్, మత్తు డాక్టరు. ఇంకో నాలుగు గడులు చేరిస్తే ఈ వ్యాసంలో చెప్పినదంతా ఊహ మీద కాక లెక్క మీద చర్చించవచ్చు: ఏ మండలం, ఇంట్లో ఏ భాష, కావాలంటే చెప్పేలా సామాజిక వర్గం, జబ్బు మొదలైనప్పటి నుంచి టేబుల్ మీదికి రావడానికి ఎన్ని రోజులు. అప్పుడు వాజేడు నుంచి ఏడాదిలో ఎన్ని హెర్నియాలు వచ్చాయో, హనుమకొండ నుంచి ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సిజేరియన్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రాబ్సన్ వర్గీకరణ ఉంది. తొలి కాన్పు, నెలలు నిండిన, తల కిందికి ఉన్న బిడ్డల్లో ఎంతమందికి కోత పడిందో అది సూటిగా చెబుతుంది. ఆసుపత్రుల వారీగా ఆ ఒక్క సంఖ్యను, ప్రభుత్వానివీ ప్రైవేటువీ కలిపి, ప్రతి మూడు నెలలకు జిల్లా వైద్యాధికారి కార్యాలయం బయట బోర్డు మీద రాయడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. నలభై లోపు గర్భసంచి ఆపరేషన్ల సంఖ్యను దాని కిందే రాయొచ్చు. డిశ్చార్జి అయ్యాక ముప్పై రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి కుట్లు మానాయా, పనికి పోగలుగుతున్నారా, అప్పు ఎంతయింది అని అడిగి రాసుకొస్తే, ఆపరేషన్ సక్సెస్ అని ఫైల్లో రాసిన మాట ఎవరి ఇంట్లో ఎంతవరకు నిజమో తెలుస్తుంది.